ఫితూరీ అంటే గలాటా కాదు



ఆగస్టు 9 దగ్గరకొస్తోంది. నరసన్నపేటలో ఉండి చదువుకుంటున్న మన పిల్లలం కలిసి ఆదివాసీ దినోత్సవానికి ఒక గోడపత్రిక వేద్దామనుకున్నాం. మన కొండల చరిత్ర, ఒక్కో ఏడాదికి ఒక్కో వాక్యం, అంతే. సులువైన పనే అనుకున్నాం గానీ 1864 దగ్గర బండి ఆగిపోయింది. "1864లో పొట్టసింగిలో సవరల ........ జరిగింది." ఆ ఖాళీలో ఏ మాట రాయాలి? ఒకరు అల్లర్లు అన్నారు, ఒకరు ఫితూరీ అన్నారు, ఒకరు తిరుగుబాటు అన్నారు. "గలాటా అని రాసేస్తే పోదేటి, అందరికీ అర్థమవుతాది" అని ఇంకొకరు. ఆ ఒక్క ఖాళీ మీద రెండు రాత్రులు వాదించుకున్నాం. అందులో తేలిన సంగతులు ఇక్కడ పెడుతున్నాం. కొంచెం పెద్దదే, ఓపిగ్గా చదవండి.

ముందు మన నోళ్లలో ఆడే మాటలే చూద్దాం. గోలగా సాగే కొట్లాటకి తెలుగులో మాటలకేం తక్కువ లేదు. గొడవ, గోల, గలాటా, గలభా, రభస, రగడ, రచ్చ, యాగీ, తగువు, దెబ్బలాట, కొట్లాట, దొమ్మీ. వరసగా చదివితే అన్నీ ఒకటే అనిపిస్తాయి. వాక్యంలో పెట్టి చూస్తే కావు.

గలాటాలో ముందు వినబడేది చప్పుడు. "సంతలో చింతపండు తూకం దగ్గర గలాటా అయింది" అన్నది సరైన వాక్యం. ఎవరికీ దెబ్బ తగలకపోయినా అది గలాటాయే. సంత ఎత్తేసే వేళకి చల్లారిపోతుంది, మళ్లీ వారం అదే షావుకారు దగ్గరికే వెళ్తాం. అదే, "రెండేళ్లుగా మా రెండు ఊళ్ల మధ్య గలాటా నడుస్తోంది" అంటే చెవికి నప్పదు. అక్కడ తగువు అనాలి. తగువుకి చప్పుడు అక్కర్లేదు. రెండు గూడేలు నోరెత్తకుండా ఏళ్ల తరబడి తగువులో ఉండొచ్చు. ఇంకో సంగతి, తగవు అన్న మాటకి పాత తెలుగులో అర్థమే న్యాయం. తగినది, తగు అంటామే, ఆ కుదుటి మాట. తగవరి అంటే న్యాయం చెప్పేవాడు. కాబట్టి ఒక చోట తగువు ఉంది అన్నామంటే, తీర్చడానికి పెద్దలున్నారని, రెండు వైపులా చెప్పుకోడానికి మాటుందని ఒప్పుకున్నట్టే. గలాటాకి ఆ మర్యాద లేదు. గలాటాని తీర్చరు, అణుస్తారు.

దెబ్బలాట మన వైపు మాట. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో "మా అత్త నాతో దెబ్బలాడింది" అంటే చెయ్యెత్తిందని కాదు, నోటితోనే. ఇది తెలీని బయట జిల్లా మనిషి "ఎక్కడ తగిలింది?" అని అడిగితే నవ్వాపుకోలేం. కొట్లాట అలా కాదు, దానికి రెండు వైపులా చేతులు లేవాలి. ఒకడు కొడుతూ ఇంకొకడు తింటూ ఉంటే అది కొట్లాట అవదు, కొట్టడం అవుతుంది. ఈ తేడా చిన్నదే, కానీ తర్వాత పనికొస్తుంది, గుర్తుంచుకోండి.

అల్లరి ఇంకా చిత్రమైన మాట. చంటిపిల్లడు చేస్తే అల్లరి. పెద్దవాళ్లు గుంపుగా చేస్తే అల్లర్లు. బహువచనం తగిలిస్తే చాలు, ముద్దు పోయి కేసు వస్తుంది. అయినా ఆ చిన్నపిల్లల వాసన మాత్రం మాటని వదలదు. "సవరల అల్లర్లు" అని చదివినవాడికి, వీళ్లు కారణం లేకుండా రేగారు, పెద్దమనిషి వచ్చి సర్దాడు అన్న బొమ్మే మనసులో పడుతుంది. మేము ఆ మాటని వద్దన్నది అందుకే.

ఇక దొమ్మీ. ఇది పాత తెలుగులో కలగాపులగంగా పడి కొట్టుకోవడం, ఇప్పుడు పూర్తిగా పోలీసు స్టేషను మాట. 1860 నాటి శిక్షాస్మృతి ప్రకారం అయిదుగురు లేక అంతకన్నా ఎక్కువమంది, చట్టం లెక్కపెట్టి చెప్పిన తప్పుడు ఉద్దేశాల్లో ఏదో ఒకటి ఉమ్మడిగా పెట్టుకుని చేరితే అది చట్టవిరుద్ధమైన సమూహం. అందులో ఏ ఒక్కడు బలప్రయోగం చేసినా మొత్తం సమూహానికి దొమ్మీ కేసు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షను నంబర్లు 189, 191 అయ్యాయి గానీ లెక్క మాత్రం అదే అయిదు. నడివీధిలో ఇద్దరు కొట్టుకుని నలుగురి ప్రశాంతత చెడగొడితే దానికి వేరే సెక్షను, అది చాలా చిన్న నేరం. అడవికి వెళ్లినా, సంతకి దిగినా, పండగకి ఆడినా మన జనం అయిదుగురికి తక్కువ ఎప్పుడు కదిలారు? అందుకే ఈ అయిదు అన్న లెక్క మన చరిత్రలో మాటిమాటికీ ఎదురవుతుంది.

ఇప్పుడు అసలు మాటకి వద్దాం. ఫితూరీ అరబ్బీలో పుట్టి, పారసీ, హిందుస్తానీల మీదుగా మన కచేరీల్లోకి దిగింది. గోల్కొండ నవాబుల కాలంలో శ్రీకాకుళంలో ఫౌజుదారు ఉండేవాడు, చికాకోలు సర్కారు అనేవారు. జమా, వసూలు, తాకీదు, ఫిర్యాదు లాంటి మాటలన్నీ అలా రాజ్యం వెంట వచ్చినవే. 1766లో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వెళ్లాయి. దొరలు మారారు గానీ కచేరీ మాటలు మారలేదు. ఇంగ్లీషు కాగితాల్లోకి కూడా ఫితూరీ ఫితూరీగానే ఎక్కింది, చేసినవాళ్లు "ఫితూరీదార్లు" అయ్యారు. అర్థం: కలత, కుట్ర, ప్రభుత్వం మీద తిరగబడడం. 1857ని కూడా మన తెలుగువాళ్లు చాలాకాలం సిపాయి పితూరీ అనే అన్నారు.

ఇవాళ అదే మాట ఏమయిందో చూడండి. "హాస్టలు వార్డెన్ దగ్గర నా మీద పితూరీలు చెప్పాడు." తిరుగుబాటు కాస్తా చాడీ అయిపోయింది. ఇలా ఎందుకు జారిందో మాకు తోచింది చెప్తాం. ఫలానా కొండలో ఫితూరీ లేస్తోందని కచేరీకి మోసుకెళ్లి చెప్పేవాడు ఒకడుండేవాడు కదా. చేసినవాడి పేరుతో పుట్టిన మాట, మోసినవాడి పనికి అతుక్కుపోయి ఉండాలి. మాటలు ఇలా జారడం మామూలే. గల్లంతు అంటే ఒకప్పుడు గోల, కలకలం. ఇప్పుడు పేపరు తెరిస్తే "సముద్రంలో ముగ్గురు గల్లంతు".

మన దగ్గరి లెక్క తీద్దాం. నరసన్నపేట నుంచి పాతపట్నం రోడ్డు పట్టుకుంటే పర్లాకిమిడి వస్తుంది, అది దాటాక గుణుపూరు, దాని పైన పొట్టసింగి కొండలు. ఇప్పుడవి ఒడిశాలో ఉన్నాయి. 1936లో రాష్ట్రం విడిపోయేదాకా నరసన్నపేట, పర్లాకిమిడి ఒకటే గంజాం జిల్లా. మన పక్క జలుమూరులోనే 1768లో పర్లాకిమిడి నారాయణదేవుని సైన్యాన్ని కంపెనీ కల్నల్ పీచ్ ఓడించాడు. ఆ తర్వాత అరవై ఏళ్లకి పైగా ఈ జమీందారీ కుదురుగా లేదు. రాజుగారి కుటుంబంలో తగువులు, కొండ మీద బిస్సోయిల పట్టు, కింద కంపెనీ పేష్కషు. 1832లో జార్జి రస్సెల్‌ని ప్రత్యేక కమిషనరుగా పంపారు. పర్లాకిమిడి, విశాఖపట్నం, గుంసూరుల మీద ఆయన రాసిన రిపోర్టుల పేరులోనే ఉంది, "డిస్టర్బెన్సెస్" అని. నిద్రపోతున్న మనిషికి ఎవరో భంగం కలిగించినట్టు. ఎవరి నిద్ర, ఎవరి భంగం అన్నది ఆ మాటలో దొరకదు. ఆయన సలహాతోనే 1839 నాటి 24వ చట్టం వచ్చి కొండప్రాంతాలని మామూలు కోర్టుల కిందనుంచి తప్పించి కలెక్టరుని ఏజెంటుగా చేసింది. మనం "ఏజెన్సీ" వాళ్లం అయ్యింది అక్కణ్ణుంచే.

1864కి వద్దాం. విశాఖపట్నం జిల్లా గెజిటీరులో ఈ కథ కొద్ది వాక్యాల్లోనే ఉంది. పొట్టసింగి పోలీసులు ఒక సవర పెద్దని అక్రమంగా పట్టుకుపోయారు. అక్రమంగా అన్నది మా మాట కాదు, సర్కారు పుస్తకమే ఒప్పుకున్న మాట. జనం వెళ్లి ఆయన్ని విడిపించుకున్నారు. ఆ పోరులో ఒక ఇన్‌స్పెక్టరు, నలుగురు కానిస్టేబుళ్లు చనిపోయారు, స్టేషను తగలబడింది. జయపురం రాజా సాయంతో 24 మందిని పట్టుకున్నారు. తొమ్మిదిమందికి యావజ్జీవ ద్వీపాంతరం. అయిదుగురిని ఘాటు కింద జల్తేరులో ఉరి తీశారు. రాజాకి మెచ్చుకోలుగా ప్రభుత్వం ఒక తుపాకీ, ఇంకా కొన్ని బహుమతులు ఇచ్చింది. అంతటితో కొండ ఊరుకోలేదు. 1865లో పైన ఠాణా పెట్టడానికి వచ్చిన పోలీసులని తరిమేశారు. పెద్ద బలగం దిగి, 1866 జనవరికి గానీ ఆ ఠాణా నిలబడలేదు. ఇంకో ముగ్గురికి ద్వీపాంతరం.

రాజాకి ఇచ్చిన తుపాకీ సంగతి ఆ కథలో ఉంది. ఉరికంబం ఎక్కిన అయిదుగురి పేర్లు అందులో లేవు.

ఇప్పుడు చెప్పండి, ఇది గలాటాయా? గలాటాకి కారణం చిన్నదై ఉండాలి, అదే రోజు చల్లారాలి. ఇది రెండేళ్లు నడిచింది. కొట్లాటా? మొదటి చెయ్యి ఒక పెద్దమనిషి మెడ మీద పడింది, అది ఒక వైపు నుంచే. తగువు అందామంటే తీర్చే పెద్దనే పట్టుకుపోయారు, ఇక ఎవరి దగ్గరికి వెళ్లాలి? మా వాదన రెండో రాత్రి ఇక్కడే ఒక కొలిక్కి వచ్చింది. ఖాళీలో మాట మార్చడం కాదు, వాక్యమే మార్చాలి. చివర ఉన్న "జరిగింది" అన్న క్రియని తీసెయ్యాలి. వాన పడింది, సంబరం జరిగింది, ఫితూరీ జరిగింది అని రాస్తే చేసినవాడూ ఉండడు, చేయించిన కారణమూ ఉండదు. "1864లో పోలీసులు అక్రమంగా పట్టుకుపోయిన తమ పెద్దని పొట్టసింగి సవరలు విడిపించుకున్నారు, ప్రభుత్వం అయిదుగురిని ఉరి తీసింది." ఇందులో గలాటా, అల్లర్లు, ఫితూరీ ఏదీ అక్కర్లేదు. అయినా జరిగిందంతా ఉంది.

ఈ గీటురాయి పట్టుకుని మిగతా ఏళ్లు కూడా చూశాం.

1879 రంప. పుస్తకాల్లో "రంప ఫితూరీ" అని పెద్దక్షరాల్లో ఉంటుంది. కారణాలు మాత్రం చాలా ఇళ్లలో జరిగేవే. కల్లు గీసుకోడానికి మన్సబుదారు చిగురు పన్ను వేశాడు, దాని మీద ప్రభుత్వం ఆబ్కారీ కాంట్రాక్టులు తెచ్చింది. కింద నుంచి వచ్చిన వ్యాపారులు కొండవాళ్ల చేత కాగితాలు రాయించుకుని, దూరపు కోర్టుల్లో వాళ్లు లేకుండానే డిక్రీలు తెచ్చుకుని పశువుల్ని తోలుకుపోయేవారు. చంద్రయ్య, అంబుల్ రెడ్డి, తమ్మన్నదొర ముందు నిలబడ్డారు. మార్చిలో రంపలో మొదలై గొలుగొండ కొండలకీ భద్రాచలం వైపుకీ పాకింది. సైన్యం దిగింది. చివరికి సలివాన్ విచారణ తర్వాత ప్రభుత్వమే మన్సబుదారుని తీసేసి ముఠాదార్లతో నేరుగా ఒప్పందాలు చేసుకుంది. అంటే తగువు న్యాయమైనదే అని ఒప్పుకుంది. అయినా పేరు మాత్రం ఫితూరీగానే మిగిలింది.

1900 కొర్ర మల్లయ్య సంగతి మనలో చాలామందికి తెలీదు. పాడువా తాలూకా కొర్రవానివలసలో ఆయన కొండదొర. నాలుగైదు వేలమంది చుట్టూ చేరారు. తాను పాండవుల్లో ఒకడినని, తన పసిబిడ్డ కృష్ణుడని, ఇంగ్లీషువాళ్లని వెళ్లగొడతానని, వెదుళ్లు తుపాకులవుతాయని, వాళ్ల ఆయుధాలు నీళ్లయిపోతాయని చెప్పాడు. వెదుళ్లని తుపాకుల్లా చెక్కి కవాతు కూడా చేశారు. మే 1న చూడ్డానికి వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్లని కొట్టి చంపారు. ఇది దాచాల్సిన పని లేదు. మే 7 తెల్లవారుజామున రిజర్వు పోలీసులు శిబిరం మీద పడ్డారు, కాల్పుల్లో పదకొండుమంది చనిపోయారు. ఆ తర్వాత అరవైమంది మీద నడిపిన కేసు ఏమిటో తెలుసా? దొమ్మీ. హత్యకేసు మల్లయ్యతో కలిపి ముగ్గురి మీద. మల్లయ్య జైల్లోనే పోయాడు, మిగతా ఇద్దరిని ఉరి తీశారు. పసిబిడ్డా చనిపోయాడు.

వెదురు తుపాకీ మాట చదివి మాలో ఒకరిద్దరు నవ్వారు. నవ్వొచ్చేదే కావచ్చు. కానీ నాలుగైదు వేలమంది అన్నీ వదిలి వచ్చి అది నమ్మారంటే అప్పటికి వాళ్లకి మిగిలిందేమిటో ఆలోచించాలి. దొమ్మీ అన్న మాటలో ఆ ఆలోచనకి చోటు లేదు. అయిదుగురి లెక్క ఉంది, అరవై దాటింది, శిక్ష వేశారు, అయిపోయింది.

1922 అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ రాయం. ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి స్టేషన్లు. 1924 మే 7న అల్లూరి సీతారామరాజు మరణం. ఒక్క మాట మాత్రం: బలవంతపు రోడ్డు పనికి కూలి ఎగ్గొట్టిన డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ పేరు లేకుండా, గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు లేకుండా ఆ వాక్యం పూర్తవదు.

1967 మాత్రం మనకి దగ్గరిది, ఆనాటి పెద్దలు ఇంకా మన ఇళ్లలో ఉన్నారు. అక్టోబరు 31న మొండెంఖల్లులో గిరిజన సంఘం మహాసభ. అక్కడికి వెళ్తున్న జనాన్ని లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు ఆపారు. తుపాకులు పేలాయి. కోరన్న, మంగన్న చనిపోయారు. ఆ మరుసటి ఏడాది కోర్టు నిందితుల్ని వదిలేసింది. ఈ రోజుని చాలాచోట్ల "లేవిడి ఘర్షణ" అని రాసేస్తుంటారు. ఘర్షణ అంటే రెండు వస్తువులు ఒరుసుకోవడం. కొట్లాటకి చెప్పిన గుర్తే దీనికీ పెట్టి చూడండి. "తుపాకులు పేలాయి" అని పైన మేమే రాశాం చూశారా, ఆ వాక్యం కావాలనే అలా ఉంచాం. తుపాకులు వాటంతట అవి పేలవు. "భూస్వాముల మనుషులు కాల్చారు" అన్నది వాక్యం. 1969లో శ్రీకాకుళం ఏజెన్సీకి తగిలించిన చట్టం పేరు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది, "సప్రెషన్ ఆఫ్ డిస్టర్బెన్సెస్ యాక్ట్", 1948 నాటిది. రస్సెల్ దొర మాట నూట ముప్పై ఏళ్లకి పైగా బతికే ఉంది, తెల్లవాళ్లు వెళ్లిపోయాక కూడా. 1970లో వచ్చిన ఒకటో రెగ్యులేషను ఏజెన్సీలో గిరిజనేతరులకి భూమి బదిలీలని మొత్తంగా నిషేధించింది. గలాటా అని కొట్టిపారేసినదాని వెనక ఉన్న తగువు భూమి తగువేనని ఆ కాగితమే చెప్తోంది.

అయితే ఫితూరీ అన్న మాటని పారెయ్యాలా? మాలో రెండు మాటలున్నాయి. పారేస్తే పాత కాగితాలు చదవలేం, వెతుక్కోలేం. పైగా "మాది ఫితూరీ చేసిన ఊరు" అని గర్వంగా చెప్పే ముసలాళ్లున్నారు, వాళ్ల నోట్లో ఆ మాట కచేరీ మాట కాదు. కాబట్టి మా లెక్క ఇది: పరీక్షలో "రంప ఫితూరీ" అని అడిగితే అలాగే రాయండి, మార్కులు పోగొట్టుకోవద్దు. రెండో వాక్యంలో చిగురు పన్ను రాయండి. పోలీసు కాగితంలో దొమ్మీ అని ఉంటే దాన్ని దొమ్మీ కేసు అనే చెప్పండి, దొమ్మీ చేశారు అని మాత్రం మీ మాటగా చెప్పకండి.

బయట ఆదివాసులు ఈ పని ఎప్పుడో చేశారు. 1855 సంతాల్ పోరాటాన్ని వాళ్లు హూల్ అంటారు, జూన్ 30న హూల్ దివస్ జరుపుతారు. బస్తరు వాళ్లకి 1910 భూంకాల్, అంటే భూమి కదలడం. బిర్సా ముండాది ఉల్గులాన్. దాని అర్థం తెలిశాక మాకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ జలదరించింది. మహా కోలాహలం అట. అంటే వాళ్లూ గోల అనే అన్నారు. కానీ ఆ గోల వాళ్ల భాషలోది, వాళ్లే పెట్టుకున్నది, అందుకే అందులో చిన్నతనం లేదు.

మరి పొట్టసింగిని సవర భాషలో ఏమన్నారు? కొర్ర మల్లయ్య శిబిరాన్ని కొండదొరలు ఏమని చెప్పుకున్నారు? గిడుగు రామమూర్తి పంతులు పుట్టింది శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో, 1863లో, పొట్టసింగికి ఒక్క ఏడాది ముందు. ఆయన పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని 1931లో వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు తెచ్చారు. ఆ నిఘంటువు దొరికినవాళ్లు కొట్లాట, కోపం, తిరగబడడం అన్న అర్థాలున్న మాటలు వెతికి ఫొటో పెట్టండి. సీతంపేట, భామిని, మెళియాపుట్టి, గుమ్మలక్ష్మీపురం వైపు వాళ్లు ఈ సెలవుల్లో ఇంటికెళ్తే తాతల్ని, బామ్మల్ని అడగండి. "పోలీసోళ్లతో గలాటా ఎప్పుడైంది తాతా" అని అడక్కండి, చప్పున ఏమీ చెప్పరు. మన పెద్దని పట్టుకుపోతే మనవాళ్లు ఏం చేశారు, దాన్ని ఏమంటారు అని మీ భాషలోనే అడగండి. ఏ మాట చెప్తే ఆ మాట, చెప్పినవాళ్ల ఊరు, ఏ సందర్భంలో చెప్పారో, కింద రాయండి. తెలుగులోకి మార్చకుండా, వాళ్ల నోట్లో పలికినట్టే.